మూడు సెకన్ల ముందు

నారాయణగూడలో ఆ స్కానింగ్ సెంటర్ సెల్లార్‌లో ఉండేది. మిట్టమధ్యాహ్నమైనా ట్యూబులైటే దిక్కు. 1998 మే నెల. రీసెర్చి చేసే సాగర్ సారు, ఆయన కింద పనిచేసే ముత్యాలు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సారుకు తన తెలివి మీదున్న నమ్మకంలో ఎదుటివాడి మీద చిటికెడు కూడా లేదు.

మిషన్ మెదడును ఒక్కసారిగా ఫోటో తీయదు. మూడు సెకన్లలో ఇరవై పొరలుగా తీస్తుంది. అన్నీ ఒకే క్షణంలో తీసినట్టు తర్వాత టైము సర్దాలి. మిషన్ తీసేది బేసి పొరలు ముందు, సరి పొరలు తర్వాత అని ముత్యాలు మొత్తుకున్నా వినకుండా, "నాకే చెప్తవారా?" అంటూ సారు ఒకటి నుంచి ఇరవై దాకా వరుసగా కొట్టించాడు. లెక్క చెడింది. తిట్లు ముత్యాలుకు పడ్డాయి.

ముత్యాలే వరుస మార్చి మళ్ళీ సర్దాడు. బెల్లు మోగితే లోపలున్న మనిషి బటన్ ఒత్తాలి, అదీ పరీక్ష. మెదడులో పందొమ్మిది పొరలు బెల్లు తర్వాతే స్పందించాయి. అడుగు పొర మాత్రం మూడు సెకన్ల ముందే స్పందించింది. ప్రతిసారీ.

"రేపు పేపరు పంపాలె. నా రెండేండ్ల పని ఒక కూలిదాని దొంగాటకు గంగల కలుస్తదా?" సారు పళ్ళు నూరాడు.

ఆ కూలి యశోదమ్మ. తలనొప్పికి పైసలు లేకుండా చూస్తామంటే రాంనగర్ నుంచి వచ్చి పడుకుంది. ఇంకా బయట బెంచీ మీదే ఉంది. ముత్యాలు వెళ్ళి అడిగితే గొంతు తగ్గించింది.

"నేనేం జేసిన బిడ్డా? లోపల నా పక్కన పండుకున్నామె ముందుగాల్నే చెప్పింది, ఇగ మోగుతది ఒత్తు అని."

ఆ మిషన్ గొట్టంలో ఒక్క మనిషికే చోటు చాలదు.

ముత్యాలు వచ్చి ఆ మాట చెబితే సారు పగలబడి నవ్వాడు. "మొద్దు ముఖాలు! నేనే పండుకుంట, చూడు." వాచీ తీశాడు, బెల్టు తీశాడు, పొగరు మాత్రం తీయలేదు.

మిషన్ టకటకా మొదలైంది. మైకులో సారు వెటకారం. "ఎవ్వరు లేరిక్కడ. కొట్టు బెల్లు." ముత్యాలు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మూడోసారి స్విచ్ మీద వేలు పెట్టాడు.

"ఆగు…" సారు గొంతు సన్నబడింది. "ముత్యాలూ… జర నన్ను బయటికి గుంజు…"

"ఏమైంది సార్?"

"ఇగ కరెంటు పోతదంటున్నది…"

ఒకటి. రెండు. మూడు.

కరెంటు పోయింది. మిషన్ చప్పుడు ఆగింది. చిమ్మచీకటి… ఎక్కడిదో తడి సిమెంటు వాసన. ముత్యాలు తడుముకుంటూ పోయి స్కాన్ గది తలుపు పట్టుకున్నాడు.

"అన్నా… దండం పెడత…" పొద్దున్నుంచీ నోరు పారేసుకున్న మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. "ఇగ నువ్వు వెనక్కి తిరుగుతవంటున్నది… తిరగకన్నా…"

ముత్యాలు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

ఒకటి… రెండు…

వెనకనుంచి, చెవికి ఆనుకున్నంత దగ్గరగా, యశోదమ్మది కాని ఆడగొంతు మెల్లగా పిలిచింది.

"బిడ్డా."