మంచం మీద చెప్పులు

ఆదివారం పొద్దున్నే వరండాలో కుంపటి పెట్టి, బొగ్గులు రాజేసి, ఎండుమిరపకాయలకని బయల్దేరబోయిన సన్యాసమ్మకు గుమ్మంలో తన చెప్పులు కనబడలేదు. ఖిదిర్‌పూర్ ఓడరేవు క్వార్టర్స్‌లో ముప్పై ఏళ్ల కాపురం ఆవిడది. గిన్నెలు పోయాయి, గొడుగులు పోయాయి గానీ అరిగిపోయిన చెప్పులు ఎత్తుకుపోయే దొంగను ఈమధ్యే వింటోంది.

“మంగళారం పోయినాయి, సాయంత్రానికి మళ్లీ గుమ్మంలోనే ఉన్నాయి. ఇయాల మళ్లీ నేవు. ఆ దొంగకి బుద్ధేటైనా ఉందా?”

“నా చెప్పులు ఏసుకెళ్లత్తా,” అంది వంటింట్లోంచి కోడలు సుజన.

దుకాణానికి వెళ్తూ సన్యాసమ్మ గదిలోకి తొంగి చూసింది. ఏడేళ్ల మనవరాలు అమూల్య మంచం మీద కూర్చుని ఉంది. కాళ్లకు చెప్పులున్నాయి. తినేటప్పుడూ, పడుకునేటప్పుడూ కూడా ఉంటాయి. నిద్రపోయాక మెల్లగా విప్పబోతే కెవ్వుమని లేస్తుంది. దేవుడి పటాలున్న గదిలో, అందులోనూ మంచం మీద చెప్పులు చూసినప్పుడల్లా సన్యాసమ్మకు ప్రాణం చివుక్కుమంటుంది.

నాలుగు నెలల కిందట బడ్జ్ బడ్జ్‌లో అద్దె ఇళ్ల వరసకు నిప్పంటుకుంది. సన్యాసమ్మ కూతురు రమాకుమారి పిల్లను బయటికి పంపింది గానీ తను రాలేకపోయింది. తండ్రి అంతకు ముందే జబ్బుచేసి పోయాడు. అప్పటినుంచి పిల్ల అమ్మమ్మ దగ్గరే ఉంటోంది. ఊఁ, ఊహూఁ తప్ప మాట్లాడదు, పిడికెడు అన్నం తినదు. కూతురు ఎలాగూ దక్కలేదు, ఇప్పుడీ పిల్ల కూడా కళ్లముందే కరిగిపోతోందని సన్యాసమ్మ గుండె పీచుపీచుమంటూ ఉంటుంది.

పిల్లకు జడుపు తగిలిందని ఆవిడ నమ్మకం. అందుకే ఆదివారం, మంగళవారం ఏడు ఎండుమిరపకాయలు తల చుట్టూ మూడుసార్లు తిప్పి కుంపట్లో వేస్తుంది. ఘాటు రాకపోతే దిష్టి ఇంకా ఉన్నట్టు లెక్క. ఆవిడ ఆ పొగనే చూస్తుంది. ఈలోపు పిల్ల మాయమై, సాయంత్రానికి ఏ మూల నుంచో బయటికి వస్తుంది. దిష్టి దిగేటప్పుడు అలాగే ఉంటుందని ముసలావిడ తనకు తనే సర్దిచెప్పుకుంటుంది.

మిరపకాయలతో తిరిగొచ్చేసరికి కుంపటి చల్లారి నీళ్లోడుతోంది. పక్కనే సుజన చెంబుతో నిలబడి ఉంది.

“ఏటి సేసినావే?”

“ఇంక ఈ పొగ ఒద్దత్తా.”

“పొగ కాదది, మందు. పిల్ల బాగుపడ్డం నీకు ఇష్టం నేదా? నువ్వు కన్లేదనేటి?”

ఆ మాటకు సుజన ముఖం ఎర్రబడింది. గోడకున్న కేలండర్ తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. అందులో ఎర్ర సున్నాలున్నాయి. పాలు రాని రోజులనుకుంది సన్యాసమ్మ ఇన్నాళ్లూ.

“స్కూల్లో పాఠాలు చెప్పే దిదిమణి పెట్టమంది. పిల్ల దాక్కున్న రోజల్లా ఒక సున్నా. తిట్టొద్దు, అదేపనిగా అడగొద్దు, ఊరికే చూడండి అంది. నువ్వే చూడత్తా.”

సన్యాసమ్మకు అక్షరం ముక్క రాదు. అయితే కేలండర్లో ఆదివారం ఏ వరసో, మంగళవారం ఏదో తెలుసు. ఆ రెండు వరసలూ పై నుంచి కింద దాకా ఎర్రగా ఉన్నాయి. మిగతావన్నీ తెల్లగానే ఉన్నాయి.

“అయితే దాన్ని జడిపించింది నానేనంటావా?” అంది సన్యాసమ్మ.

“నేనేటీ అనట్లేదు. పిల్లెక్కడుందో చూద్దాం రా.”

మంచం మీద లేదు. ఇల్లంతా వెతికారు. చివరికి బయట మెట్ల కింద, నీళ్ల డ్రమ్ము వెనకాల దొరికింది. మోకాళ్లు ముడుచుకుని, వణుకుతూ కూర్చుని ఉంది. ఒళ్లో, రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, అమ్మమ్మ చెప్పులు.

వారం వారం చెప్పులెత్తుకుపోతున్న దొంగను చూసి సన్యాసమ్మ నేల మీద చతికిలపడింది. “ఇవెందుకమ్మా నీకు?” అని అడగకుండా ఉండలేకపోయింది.

దిదిమణి చెప్పింది గుర్తొచ్చి సుజన అత్తగారి భుజం నొక్కింది. ఇద్దరూ పిల్ల పక్కనే కూర్చున్నారు.

“అమ్మ నాకు చెప్పులేసి తోసేసింది,” అంది అమూల్య మెల్లగా. “అమ్మ చెప్పులు దొరకనేదు. నేల కాలిపోతంది. నువ్వు కుంపటి పెట్టినావు గదా. నీకు దొరకాలని నీవి దాచి ఉంచినాను.”

సన్యాసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాలుగు నెలలుగా ఈ పిల్లను బతికించాలని తను అగ్గి రాజేస్తుంటే, ఆ అగ్గిలోంచి తనను బతికించాలని ఈ పిల్ల కాపు కాసింది. “తప్పయిపోనాది తల్లీ, తెలీక సేసినాను,” అంటూ మనవరాలి పాదాలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

దిష్టి తీయడం పూర్తిగా మానేస్తే ఆవిడ సన్యాసమ్మే కాదు. మధ్యాహ్నం “ఉప్పమ్మా ఇది, నిప్పుతో పని నేదు,” అని ముందుగా చూపించి, గుప్పెడు కల్లుప్పు తిప్పి బక్కెట్లో నీళ్లలో వేసింది. అమూల్య బక్కెట్లోకి వంగి ఉప్పు కరిగేదాకా చూసింది. ఎక్కడికీ పోలేదు.

అన్నాలయ్యాక పిల్ల పక్కన పడుకోబోతూ సన్యాసమ్మ ఆగింది. గుమ్మం దగ్గరికి వెళ్లి చెప్పులు తొడుక్కుని, దేవుడి పటాల వైపు చూడకుండా వచ్చి మంచమెక్కింది.

“అమ్మమ్మా, మంచం మీద చెప్పులేటి?”

నాలుగు నెలల్లో ఆ పిల్ల తనంతట తను అడిగిన మొదటి ప్రశ్న అది. వంటింట్లో సుజన చేతిలో గిన్నె ఆగిపోయింది.

“నువ్వు లెగిసి పరిగెత్తితే నాను ఎనకబడిపోకూడదు గదా.”

అమూల్య ఆ చెప్పుల వంక చాలాసేపు చూసింది. తర్వాత లేచి కూర్చుని, తన కుడికాలి చెప్పు విప్పి మంచం కింద పెట్టి, అమ్మమ్మ పక్కన ముడుచుకుని పడుకుంది.

రెండోది కాలికే ఉంది. దాన్ని సన్యాసమ్మ ముట్టుకోలేదు.