తవుడిచ్చి కొన్న బిడ్డ

మా ఊరు గుట్ట నడుముకు వ్రేలాడుతున్నట్లుండేది. ఇండ్లు మీద, నిర్మల్ బాట క్రింద. నడుమ కొండ దిగే ఘాటు దారి మలుపులో పాడుబడిన సుంకపు నాకా. నిజాం కాలం గడిచి, సుంకాలు ఎత్తివేసి, తలుపులు ఊడిపోయినా — చీకటి పడిన తరువాత ఆ మలుపున మూట మోసుకొని ఎవరూ నడిచేవారు కారు.

అక్కడే జ్వరంతో చనిపోయిన నాకాదారు ఇంకా కాపు కాస్తున్నాడని ప్రతీతి. ఉప్పు మోసినవానికి ఇల్లు చేరేసరికి పిడికెడు ఉప్పు తక్కువయ్యేదట. బ్రతికి ఉన్నప్పుడు ఆయన నియమం ఒక్కటే: కూలికి మోసేవారిని విడిచిపెట్టి, సరుకు గలవారినే సుంకానికి పిలిపించేవాడు.

యాదవ్వ నాతో చెప్పిన సంగతి ఇది.

ఇద్దరు బిడ్డలను పురిటిలోనే పోగొట్టుకొన్న యాదవ్వ, మూడవవాణ్ణి ఆచారం ప్రకారం పొరుగింటి గంగుబాయికి చేటెడు తవుడుకు అమ్మింది. అమ్మిన బిడ్డ తల్లిది కాదు గనుక మృత్యువు వెదకి రాదని నమ్మకం. గంగుబాయి ముసలిది.

"పాలు నీయి, కొడుకు నా కొడుకు. జర మంచిగ సాదు పోరీ!" అని నవ్వేది.

వానకాలం ఒక రాత్రి పిల్లవాడి ఒళ్లు జ్వరంతో కాలిపోయింది. మగడు కలప కొట్టడానికి అడవికి పోయి ఉన్నాడు. పగలంతా జొన్నచేను కలుపు తీసిన నడుముతోనే యాదవ్వ బిడ్డను గొంగడిలో చుట్టి, వీపున కట్టుకొని, నిర్మల్ డాక్టరు కోసం ఘాటు దిగింది.

మలుపు వద్ద కాళ్లు కదలలేదు... భయంతో కాదు, అలసటతో.

"ఠైరో, ఆగు... మూటల ఏమున్నది?"

నాకా లోపలి నుంచి, ఆమెకంటె అలసిన గొంతు.

"పోరడు, బాంచెన్..."

"ఎవరి సరుకు?"

వీపు మీది వేడి తగ్గుతున్నట్లు తోచింది. బిడ్డ ఊపిరి తెలియడం లేదు. యాదవ్వ గొణిగింది —

"నాది గాదు. గంగుబాయిది... నేను కూలికి మోస్తున్న."

"అయితే పో. ఆమెనే పిలుస్త."

బిడ్డ కెవ్వుమన్నాడు.

డాక్టరు సూది వేశాడు. జ్వరం దిగిన బిడ్డతో ఆమె తెల్లవారి ఇల్లు చేరేసరికి గంగుబాయి వాకిట జనం.

"రాత్రి ఎవలో పిలిచిండ్రు," అన్నది ఎదురింటి కొమురవ్వ. "'వస్తున్న బాంచెన్, జర ఆగు... కొడుకు నా కొడుకే' అనుకుంట పోయింది. మల్ల రాలే."

వెదకబోయినవారికి గంగుబాయి కనిపించలేదు. నాకా గడప మీద చేటెడు తవుడు పోసి ఉన్నది... రాత్రంతా వాన కురిసినా అది తడవలేదు.

అమ్మిన వెల తిరిగి వచ్చింది. అంటే — బిడ్డ ఇక యాదవ్వదే.

తాను బ్రతికినన్నాళ్లూ ఆమె ఆ బిడ్డను ఘాటు దిగనీయలేదు.