ఆళ్లగడ్డ మిల్లులో మాయమైన పేర్లు

నంద్యాల రైల్వేస్టేషను దగ్గరున్న డిటెక్టివ్ కరుణ ఆఫీసుకు ఆ ఉదయం వచ్చిన ప్రేమ్ సాగర్, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నేను మోసగాణ్ణంట అక్కా. ఆళ్లగడ్డ మల్లికార్జున శెట్టిగారు అందరితో చెప్తాండాడు."

వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్లకు సీ భాషలో ప్రోగ్రాం రాయడం అతని బతుకుతెరువు. మొదటి డ్రయ్యరు శెట్టిగారి రైసుమిల్లులోనే పెట్టాడు. దాని ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ కూలిపోతోంది, డ్రయ్యరు ఆగి లోపలి వడ్లు వేడికి మాడుతున్నాయి.

"ఏ లైను దగ్గర కూలిందో తప్పులు పట్టే డీబగ్గర్ చెప్పాల. అడిగితే, గుర్తుల్లేవంటాది. ఫంక్షన్ల పేర్లు లేవు, లైను నంబర్లు లేవు. నేను రాసింది మిషన్ భాషలోకి మార్చేటప్పుడు, గుర్తులు పెట్టే కంపైల్ చేసినా. నా తప్పు దొరక్కుండా నేనే చెరిపేసినానంటాడు శెట్టి. సాయంత్రంలోగా తేలకపోతే డ్రయ్యరు పీకేస్తాడంట. ఇంక నా దగ్గర ఎవరు కొంటారక్కా?"

అసిస్టెంటు జయరాజు అప్పటికే జాలిపడిపోయాడు. ఎవరు బాధపడినా అతను నమ్మేస్తాడు, కరుణ మాత్రం ప్రశ్నలడుగుతుంది. అందుకే ఆమె అంటే అతనికి అంత గురి.

"నువ్విచ్చిన ప్రోగ్రాం నీ దగ్గర ఇంకొకటుందా?"

"ల్యాప్‌టాప్‌లో ఉందక్కా."

"మళ్లీ కంపైల్ చేసినావా?"

"లేదు."

"చెయ్యొద్దు. పద పోదాం."

ఆళ్లగడ్డ మిల్లు గేటు బయట రుద్రవరం ట్రాక్టర్లు తడిసిన వడ్లతో బారులు తీరి ఉన్నాయి. డ్రయ్యరు నడవకపోతే ఆ వడ్లు మొలకెత్తిపోతాయి.

డ్రయ్యరు నడిపే మంజులను కరుణ ముందు పిలిచింది.

"ఎప్పుడు ఆగిపోతాంది?"

"వడ్లు పోసే అరల్లో కడాకరిది, ఎనిమిదో అర తెరిస్తేనే. చెప్తే ఎవురింటారు? బటన్ తప్పు నొక్కినావని నన్నే తిడతారు."

తర్వాత శెట్టిగారబ్బాయి లోకేశ్. కొత్తగా ఇంజనీరింగు ముగించిన హుషారు ఇంకా తగ్గలేదు.

"మిషన్లోకి ఎక్కించింది నేనే మేడం. నీట్‌గా ఎక్కించినా. మా మిల్లులో ఊక తియ్యకుండా ఏదీ బయటికి పోదు."

కరుణ తలూపింది. ప్రేమ్ సాగర్ చేత రెండు ప్రోగ్రాములూ పక్కపక్కన తెరిపించి చూసింది. మిషన్లోది ల్యాప్‌టాప్‌లోదానిలో ఐదో వంతే ఉంది. ఆమె ఇంకేదో కూడా పోల్చి చూసి, అందర్నీ ఆఫీసుగదిలోకి రమ్మంది.

"కంపైల్ చేసినప్పుడే ప్రోగ్రాములో ఒక గుర్తింపు సంఖ్య పడుతుంది. రెండింట్లోనూ అదే సంఖ్య ఉంది. అంటే ప్రేమ్ సాగర్ వేరేది అంటగట్టలేదు శెట్టిగారూ. ఈడికొచ్చినాక ఎవరో దీన్ని ఒలిచి చిన్నది చేసినారు. లోకేశ్, గుర్తులు తీసేసే స్ట్రిప్ కమాండ్ కొట్టినావా?"

లోకేశ్ మొహం పాలిపోయింది.

"కొట్టినా మేడం. గుర్తులు లేకున్నా ప్రోగ్రాం నడుస్తాదని చదివినా. ఊక లెక్కే కదా అని తీసేసినా. దాచాలని కాదు నాయనా, ఒట్టు!"

"మిల్లోడి కొడుకువనిపించినావు కదరా!" అని శెట్టి నెత్తి కొట్టుకున్నాడు.

ప్రేమ్ సాగర్ మొహం మాత్రం తేటపడలేదు. "గుర్తులు పోయినాయి కదక్కా. మళ్లీ కూలేదాకా వడ్లు మాడ్చాల్నా?"

"ఎందుకు? కూలినప్పుడు ప్రోగ్రాం ఎక్కడుందో మిషన్ రాసుకున్న కోర్ ఫైలు అట్లే ఉంది. దాన్ని నీ ల్యాప్‌టాప్‌లోని ప్రోగ్రాముతో కలిపి డీబగ్గర్‌కియ్యి. రెండూ ఒకటే కాబట్టి పేర్లు అతుక్కుంటాయి. మళ్లీ కంపైల్ చేస్తే ఆ సంఖ్య మారిపోవచ్చు, అందుకే వద్దన్నా."

అతను టైపు చేశాడు. తెర మీద ఫంక్షన్ పేరు, లైను నంబరు వరసగా పడ్డాయి. జయరాజు చప్పట్లు కొట్టేశాడు. ప్రేమ్ సాగర్ ఆ లైను చదివి గట్టిగా నవ్వాడు.

"మీరు అరలు ఒకటి నుంచి లెక్కపెడతారు. ప్రోగ్రాం సున్నా నుంచి లెక్కపెడతాది. ఒకటి తగ్గించాల్సింది, మర్చిపోయినా. ఎనిమిది అరలకు దాని లెక్క ఏడుతోనే అయిపోతాది, అందుకే ఎనిమిదో అర దానికి దొరకలేదు."

"తప్పు నీదేనని తేలితే, నవ్వుతాండావేందప్పా?" అన్నాడు శెట్టి.

"ఇంతసేపూ మోసగాణ్ణి శెట్టిగారూ. ఇప్పుడు తప్పు చేసినోణ్ణి. తప్పయితే దిద్దుకోవచ్చు."

దిద్దాడు. కొత్త ప్రోగ్రామును లోకేశే ఎక్కించాడు, ఈసారి ఏమీ తియ్యకుండా. మంజుల ఎనిమిదో అర తెరిచింది. డ్రయ్యరు ఆగలేదు. శెట్టి గేటు దగ్గరికి నడిచాడు.

"దింపండప్పా, వడ్లు దింపండి!"