భూపాల్ ఇచ్చిన పేర్లు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి రెండు వారాలు దాటింది. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు. బడులు మూతబడ్డాయి. సర్కారు బడిలో టీచరైన పూర్ణిమ కూడా సమ్మెలోనే ఉంది. ఆ పొద్దున కరెంటు పోతే, తార్నాకలోని ఆ రెండు గదుల ఇంట్లో గుమ్మం దగ్గర వెలుతుర్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

భూపాల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"పూర్ణా, నన్ను డిఫెన్స్ కోచ్‌ను చేసిండ్రు. అసిస్టెంట్ కాదు. ఇగ మొత్తం నేనే."

పూర్ణిమ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఈ మాట కోసమే ఆయన ఎదురుచూశాడని ఆమెకు తెలుసు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి కబడ్డీ ఆడుతూ పెరిగాడు భూపాల్. కూతకు వచ్చినవాణ్ణి పట్టేస్తే మరి వదిలేవాడు కాదు. మోకాలు పోయాక రైల్వే జట్టులో అసిస్టెంట్ కోచ్ అయ్యాడు. తర్వాత యూనివర్సిటీలో, అదీ కాంట్రాక్టు మీద, మళ్ళీ అసిస్టెంటే. పెద్ద కోచ్‌లు మారినప్పుడల్లా ఆయన్ని కూడా పంపించేసేవారు. ఇంకెక్కడో చేరేవాడు, అక్కడా అసిస్టెంటే.

ఏడాది కిందట క్యాంపస్ గ్రౌండులోకి ఒక కొత్త జట్టు వచ్చింది. అమెరికన్ ఫుట్‌బాల్ అట, ఒక ప్రైవేటు కంపెనీ పెట్టిందట, ఆటలు టీవీలో వస్తాయట. తలకు హెల్మెట్లు, భుజాలకు దిండ్లలాంటి కవచాలు కట్టుకుని, కోడిగుడ్డు ఆకారపు బంతితో దూసుకొచ్చేవాణ్ణి కింద పడేయాలి. ఆ పడేసే పని నేర్పే డిఫెన్స్ కోచ్ శశిభూషణ్. పక్క వీధిలోనే ఉంటాడు. ఆయన తండ్రి కాలంలో గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. కబడ్డీ ఆడినవాడికి ఈ ఆట బాగా పట్టుబడుతుందని ఆయనే భూపాల్‌ను పిలిచి తనకు అసిస్టెంటుగా పెట్టుకున్నాడు. పూర్ణిమ తమ్ముడు సమ్మయ్యతో సహా ఎమ్మే చదివే కుర్రాళ్ళు కొందరు భూపాల్ చేతికింద జట్టులోకి వచ్చారు.

"మరి శశిభూషణ్ అన్న?" అడిగింది పూర్ణిమ.

"మానేసిండు."

"ఎందుకు?"

"ఏమో. ఆయన ఇష్టం." భూపాల్ అద్దం వైపు తిరిగి మళ్ళీ తల దువ్వుకున్నాడు.

అప్పుడే సమ్మయ్య వచ్చాడు. అక్కాబావల దగ్గరే ఉంటూ చదువుకుంటున్నాడు. తెల్లవారే గ్రౌండుకు పోయినవాడు ఇంత త్వరగా ఎప్పుడూ తిరిగిరాడు. సంచీ నేలమీద పెట్టి గోడకు చేరగిలబడ్డాడు.

"బావా, నన్ను తీసేసిండ్రు. ఐదుగురిని తీసేసిండ్రు. గేటుకు పేర్లు అతికిచ్చిండ్రు."

"ఏం చేసిండ్రని?" పూర్ణిమ లేచి నిలబడింది.

"రైల్ రోకోకు పోయి పట్టాల మీద కూసున్నమని. ఉద్యమంల తిరగొద్దని కాంట్రాక్టుల ఉన్నదట. గాడ మేం మొఖాలకు తువ్వాలలు కట్టుకున్నం అక్కా. ఎవలో పేర్లు రాసిచ్చిండ్రు. మాలోనే ఎవడో ఉన్నడు."

"నేను మాట్లాడి చూస్తలే," అన్నాడు భూపాల్. దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

"నువ్వు మాట్లాడితె అయితది బావా. మెయిన్ కోచ్‌వి నువ్వేనటగా, గాడ చెప్పిండ్రు." సమ్మయ్య నవ్వబోయాడు. "నాకేం కాకున్నా మంచిదే, ఆ నలుగురిని తీసుకోమను."

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. శశిభూషణ్ భార్య అరుంధతి. చేతిలో తాళాల గుత్తి.

"సామాన్ల గది తాళాలు అన్నయ్యగారూ. ఇక మీకే ఇవ్వాలి కదా, మావారు ఇచ్చి రమ్మన్నారు."

"అన్న ఎందుకు మానేసిండు వదినా?" పూర్ణిమ అడిగింది.

అరుంధతి ఒకసారి భూపాల్ వైపు చూసింది. ఆయన తలెత్తలేదు.

"శనివారం జట్టు ఆఫీసుకు పిలిచి, రైల్ రోకోకి వెళ్ళిన పిల్లల పేర్లు రాసిమ్మన్నారట. ఈయన ఇవ్వనన్నారు. అయితే మీరూ అక్కర్లేదన్నారు. మా గోడ మీద ఆంధ్రావాళ్ళు వెళ్ళిపోవాలని రాసి నెల కూడా కాలేదు పూర్ణిమగారూ. నేనే అన్నాను, మనకెందుకండీ ఇదంతా, రాసిచ్చేయకూడదా అని. నా చేత్తో ఆడించిన పిల్లలే, ఎలా రాయను అన్నారు." ఆమె తాళాలను ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. "ఆ సాయంత్రమే అన్నయ్యగారిని పిలిచారని తెలిసింది. అంతకుమించి నాకేమీ తెలియదు."

తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది.

సమ్మయ్య బావ వైపు తిరిగాడు.

"నువ్వా బావా?"

భూపాల్ ఉన్నట్టుండి గట్టిగా అరిచాడు.

"అవును, నేనే! నలభై ఏడేండ్లు నాకు. ఎన్నేండ్లు ఒకల ఎనక నిలవడాలె? గెలిస్తె పేరు వాండ్లది, ఓడితె ఊస్టింగ్ నాకు! నేను రాయకుంటె ఇంకెవడో రాస్తుండె!"

"అన్న రాయలేదు గదా," అంది పూర్ణిమ.

"ఆయనకేం, ఆస్తిపాస్తులున్నయి!"

"ఆస్తి సంగతి తియ్యకు. బిడ్డ లెక్క సాదిన నా తమ్ముని పేరెట్ల రాసినవ్? వాన్నన్న ఇడిచిపెట్టాలన్పించలేదా?"

భూపాల్ కుర్చీలో కూలబడ్డాడు. ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు.

"మొదటి పేరు వానిదే రాసిన. గది చూసినంకనే మిగిలినయి నమ్మిండ్రు."

పూర్ణిమ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సమ్మయ్య లోపలికి పోయి రెండు జతల బట్టలు, పుస్తకాలు సంచీలో కుక్కుకున్నాడు. అక్క చెయ్యి పట్టుకుంటే మెల్లగా విడిపించుకున్నాడు.

"హాస్టల్ల ఉంట అక్కా. బావా, ఆ నలుగురికి నేను చెప్పను. నా నోట రాదు. నువ్వే చెప్పుకో."

వాడు వీధి మలుపు తిరిగేదాకా పూర్ణిమ గుమ్మంలోనే నిలబడింది. భూపాల్ తాళాలు తీసుకుని బయటికి నడిచాడు.

జట్టు ఆఫీసులో మేనేజర్ ఆయన మాట పూర్తిగా వినను కూడా లేదు. జాబితా పైకి వెళ్ళిపోయింది, ఇక మార్చేది లేదన్నాడు. "వాళ్ళు రాకుంటే నేనూ ఉండను" అని భూపాల్ తాళాలు బల్లమీద పెట్టాడు. "మీ ఇష్టం. మాకు సాయంత్రంకల్లా ఇంకొకరు దొరుకుతారు," అంటూ మేనేజర్ ఆ తాళాలను సొరుగులో వేసుకున్నాడు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన ఉద్యోగం ఒక్క పూట కూడా చేయలేదు.

ఆర్ట్స్ కాలేజీ ముందు దీక్షా శిబిరంలో ఐదుగురూ ఒకచోటే కూర్చుని ఉన్నారు. భూపాల్‌ను చూసి నలుగురు లేచి నిలబడ్డారు. "సార్ వచ్చిండు, మన గురించి మాట్లాడి వచ్చినట్టున్నడు" అన్నాడొకడు ఆశగా. సమ్మయ్య లేవలేదు.

"కూసోండ్రి," అన్నాడు భూపాల్. తాను మాత్రం ఎండలో నిలబడే చెప్పాడు. "మీ పేర్లు రాసిచ్చింది నేనే. ఇయ్యాల పోయి అడిగిన. మిమ్మల్ని తీసుకునేది లేదన్నరు. నేను కూడ మానేసి వచ్చిన. దాంతోని మీకేం ఒరగదు, నాకెరుకే."

ఒకడు తిట్టాడు. ఒకడు ఏడ్చాడు. నల్లకుంట నుంచి వచ్చే కుర్రాడు మాత్రం నింపాదిగా అన్నాడు. "టీవీల కనిపిస్త అని మా అమ్మకు చెప్పిన సార్. ఊరంత చెప్పుకున్నది. ఇప్పుడేం చెప్పాలె?"

భూపాల్ సమ్మయ్య వైపు చూశాడు. వాడు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. ఇక నిలబడే చోటు కూడా తనది కాదనిపించి భూపాల్ వెనక్కి తిరిగాడు.

శశిభూషణ్ ఇంటి ముందు ఆగాడు గాని గేటు తీయడానికి చెయ్యి రాలేదు.

ఇంటికి వచ్చేసరికి పూర్ణిమ కళ్ళు వాచి ఉన్నాయి. చెప్పులు విప్పుతూ ఆయనే చెప్పాడు.

"నలుగురికి చెప్పిన. కొలువు ఇడిచిపెట్టిన." చెప్పులు గోడవారగా పెట్టాడు. "వాడు నా దిక్కు చూడలేదు పూర్ణా. ఒక్కసారి గూడ చూడలేదు."

గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవడం ఆమె చూడలేదు. దగ్గరికి పోవాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడింది. తర్వాత కంచం తెచ్చి ముందు పెట్టి, అన్నం, చిక్కుడుకాయ కూర వడ్డించి, పక్కన చతికిలబడింది.

"వాడు ఇంటికొస్తడా?" అడిగాడు భూపాల్.

"తెల్వదు," అంది పూర్ణిమ. "రేపు పోయి వాన్ని ఇంటికి రమ్మని అడుగు. ఎల్లుండి గూడ పో. వాడు కొట్టినా తిట్టినా పో. ఇప్పుడైతె తిను."