లేచేముందు నవ్వాలి

మా సినిమావాళ్లకు ఒక ఆచారం ఉంది. శవంగా పడుకున్నవాళ్లు షాట్ అయ్యాక కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ తర్వాతే లేవాలి. నాకు ఇలాంటివంటే ఒళ్లుమంట. పదేళ్లు టీవీ సీరియళ్లు తీశాను. రోజుకో ఎపిసోడ్ ఇచ్చుకోవాల్సిన చోట చచ్చినవాళ్లను నవ్విస్తూ కూర్చుంటే బతికున్నవాళ్ల సీన్లు ఎవరు తీస్తారు? పెద్దలనైనా పిల్లలనైనా నవ్వనివ్వకుండానే లేపి పంపేసేవాణ్ని.

సీరియళ్ల నుంచి బయటపడి తీస్తున్న నా మొదటి సినిమా ఇది. దేవరకొండ దగ్గర ఒక పల్లెలో షూటింగ్. హీరో తల్లి శవంగా ఆ ఊరి అండాలును పడుకోబెట్టాం. గొర్రెలు కాసే బీరన్న భార్య, గలగలా మాట్లాడే మనిషి. పొద్దుటి లేత ఎండలో షాట్ ఒక్క టేకులో ఓకే అయింది. నవ్వించాలి సార్ అని కెమెరామన్ దివాకర్ గొణిగాడు. ఎండ ముదిరిపోతోందని కసిరాను. అండాలు నవ్వకుండానే లేచి ఇంటికి వెళ్లిపోయింది.

సాయంత్రం బీరన్న వచ్చాడు. ఇంటికి పోయి మంచమెక్కిన మనిషి మళ్లీ దిగలేదట. ఊపిరి ఆడుతోంది గానీ పిలిస్తే పలకడం లేదట. ఊరి డాక్టరు సూది వేసినా కదల్లేదట.

"కాళ్లు సేతులు, పెయ్యంత సల్లవడుతాంది సారూ," అన్నాడు. "నువ్వే పండవెడితివి. నువ్వే లేపు."

భయమేసింది. దివాకర్‌తో కెమెరా తెప్పించుకుని వెళ్లాను.

ఇంట్లో మసక చీకటి. గొర్రె ఉన్ని వాసన, ఆరిన పొయ్యి వాసన. వాటి అడుగున సన్నగా అగరొత్తుల వాసన... ఆ ఇంట్లో ఎవరూ వెలిగించలేదు. అండాలు వెల్లకిలా పడుకుని ఉంది. పొద్దున నేను పడుకోబెట్టించినట్టే, కాలి బొటనవేళ్లు రెండూ దగ్గరగా చేర్చి.

"అండాలమ్మా... కెమెరా చూసి నవ్వు."

కెమెరాను ఆమె ముఖానికి ఇంకాస్త దగ్గరగా జరిపించాను.

"జర నవ్వమ్మా..."

కనురెప్పలు అదిరాయి. కళ్లు తెరుచుకున్నాయి. పెదవులు మెల్లగా సాగాయి... నవ్వింది. బీరన్న గోడకు చేరగిలబడి ఏడ్చేశాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది. లేవమని చెయ్యి అందించాను.

పట్టుకుంది. వేళ్లు బావినీళ్లంత చల్లగా ఉన్నాయి. లేవలేదు. నన్నే కిందికి లాక్కుని చెవిలో గుసగుసగా అంది.

"నేనొక్కదాన్నే లేస్తే ఎట్ల సారూ? వాకిట్ల పండుకున్నోళ్లకు గుడ చెప్పు."

"ఎవరమ్మా?"

"నీ ఎంబడి వచ్చినోళ్లే..."

తలుపు తీసే ఉంది. వాకిట్లో ఎవరూ లేరు. అప్పుడే బీరన్న తమ్ముడు మందను తోలుకొచ్చాడు. ఒకదాన్నొకటి తోసుకుంటూ దొడ్లోకి దూరాల్సిన గొర్రెలు వాకిట్లో ఆగాయి. పాయలుగా విడిపోయాయి. మనిషి పడుకునేంత జాగా వదిలి, పక్కనుంచి నడిచాయి. ఒక్కచోట కాదు... వాకిలంతా.

గుమ్మం ముందు వదిలిన జాగా మాత్రం చిన్నది. పసిపిల్ల పట్టేంత.