జయమ్మ రానన్న ప్రయాణం

“నేను రాను! మీరందరు పోయి రాండ్రి... నన్ను మాత్రం ఇడిసిపెట్టుండ్రి!”

చేతిలోని గరిటె పక్కన పెట్టి జయమ్మ ఆ మాట అనేసరికి ఇల్లంతా ఉలిక్కిపడింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె నోట ‘రాను’, ‘చెయ్యను’ అనే మాట ఎవరూ విని ఎరుగరు. మేడ్చల్‌లో టైర్ల దుకాణం నడిపే ఆమె భర్త వీరేందర్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మంచం మీద కూర్చుని మోకాళ్లకు నూనె రాసుకుంటున్న అత్త బాలనర్సమ్మ తల ఎత్తి చూసింది. ఇక కూతురు తేజస్వి సంగతి చెప్పనే అక్కర్లేదు... పాపం, ఆ పిల్ల కళ్లల్లో గిర్రున నీళ్లు తిరిగాయి!

ఎందుకు తిరగవు? ఈ ప్రయాణం తలపెట్టిందే తల్లి కోసం! శామీర్‌పేట దగ్గరి మందుల కంపెనీలో ఉద్యోగం దొరికిన నాటినుంచీ “అమ్మను ఏడికన్న తిప్పుకరావాలె” అని ఆ పిల్లది ఒకటే పట్టు. వారం రోజులు కారులో... కొలనుపాక, వరంగల్ కోట, మంథని, ధర్మపురి, వేములవాడ, మెదక్ ఖిల్లా... మధ్యలో పొలాలు, చెరువు కట్టలు. ఫోన్‌లో దారి చూపించిన రోజు జయమ్మ మనసు నిజంగానే చిన్నపిల్లయింది. పెళ్లై గుండ్లపోచంపల్లి నుంచి మేడ్చల్‌కు వచ్చిన మనిషి! కండక్టర్ చిల్లర ఇచ్చేలోపు దిగాల్సినంత దూరం. ఆ తర్వాత ఆమె చూసిన లోకమల్లా కీసర జాతర, యాప్రాల్‌లో మరిది ఇల్లు... అంతే!

కానీ మన ఇళ్లల్లో ప్రయాణమంటే ఊళ్లు చూడటమా? చుట్టాలను చూడటం! వీరేందర్ ఆ దారిని ముందేసుకుని కూర్చున్నాడో లేదో, ఊరికొక చుట్టం బయటపడ్డాడు.

“హన్మకొండ మీదికెళ్లి పోయి అక్కింటికి పోకుంటె రేపు మొఖమెట్ల సూపియ్యాలె? రెండు దినాలు ఆడనే ఉందం. మంథనిల మేనమామ ఉన్నడు, మెదక్‌ల చిన్నమ్మ ఉన్నది... అందరినీ వెట్టుకొని లాడ్జీల దిగితె ఇజ్జత్ ఏముంటది?” అన్నాడు.

ఆ అక్కగారు ఫోన్‌లో ఎంత సంబరపడిందో! “జయమ్మ వస్తాందా? మస్తు మంచిగయింది తమ్మీ! నా బిడ్డకు సారె పంపాలె. గరిజెలు, మురుకులు ఆమె చేస్తెనే కుదురుతయి...” అంది. కోట చూడాల్సిన రెండు రోజులూ అలా గరిజెల కింద పోయాయి. మంథనిలో మేనమామ భార్యకు చెయ్యి విరిగింది కాబట్టి అక్కడి వంటా జయమ్మదే. వేములవాడ రాజన్న గుడిలో మొక్కు ఉంది, సత్రంలో దిగి వండుకోవాలి. కాబట్టి గ్యాసు పొయ్యి, చిన్న సిలిండరు, బియ్యం, పప్పు, కారం డబ్బా కారు డిక్కీలో ఎక్కాలి. పొయ్యి ఎక్కాక వండే మనిషి ఎక్కకుండా ఉంటుందా!

అప్పటికీ జయమ్మ డబ్బాలు సర్దుతూనే ఉంది. ఈ పొద్దున గోంగూర పచ్చడితో అన్నం తింటూ వీరేందర్ “పుంటికూర తొక్కు ఇంకింత నూరు, తొవ్వల పనికొస్తది” అన్నాడు. అందులో తప్పేముంది? ఏమీ లేదు! ఎప్పుడూ అనే మాటే. కానీ ఎందుకో, ఆ మాట వినగానే ఆమె చేతిలోని గరిటె పక్కన పెట్టేసింది.

“ఏందే? పానం మంచిగ లేదా?” అన్నాడు వీరేందర్.

“పానం మంచిగనే ఉంది. అలిసిపోయిన...” గోడకు చేరగిలబడింది జయమ్మ. “ఈడ వండుతనే ఉన్న. ఊరూరు తిరిగి ఆడ గూడ వండాల్నా? ఈడయితె ఏ డబ్బా ఏడున్నదో ఎరుక. మీరు పోండ్రి... ఈ వారం దినాలు నేను పండుకుంట. ఆకలైతె లేచి ఇంత వండుకుంట, లేకుంటె లేదు. నాకు గదే యాత్ర!”

అనైతే అనేసింది. అంత ప్రేమతో బిడ్డ తలపెట్టినదాన్ని కాదన్నానే అని ఒక బాధ! నా కోసమన్న ఈ ప్రయాణంలో నేనెక్కడున్నానని ఇంకో బాధ! కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

వీరేందర్‌కు కోపం వచ్చింది. “నా అక్కింట్ల నాలుగు గరిజెలు చేస్తె అరిగిపోతవా? సుట్టాలేమన్న పగోళ్లా?”

“నోరు ముయ్‌రా!”

అరిచింది బాలనర్సమ్మ! కూరలో ఉప్పు తక్కువైతే ఇల్లెక్కి అరిచే అత్త, ఇవాళ కోడలి వైపు నిలబడి అరిచింది!

“నేను ఏములాడకు ఎన్ని మాట్ల పోయిన్నో నాకే ఎరుకలేదు కొడుకా. గుడి లోపల ఎట్లుంటదిరా అంటె మాత్రం చెప్పరాదు. మీరందరు దర్శనానికి పోతుంటిరి... నేను మూడు రాళ్లు పెట్టి పొయ్యి ఊదుకుంట కూసుంటి. మీరు తిన్నంక బోళ్లు తోమేటాలకు బండి తయారుంటుండె. రాజన్నకు ఆడికెళ్లే దండం పెట్టుకున్న. నాకు అడుగ ధైర్యం లేకుండె... ఇది అడిగింది. మంచిగ చేసింది!”

వీరేందర్ తల దించుకున్నాడు. తేజస్వి వచ్చి తల్లిని వాటేసుకుంది.

“అమ్మా... అన్నీ నేనే అనుకున్న గానీ, నీకేడికి పోవాలనుందో ఒక్కసారన్న అడగలే! ఇప్పుడు చెప్పే... ఏడికి పోదాం?”

ఏం చెబుతుంది? ఆ ప్రశ్న ఆమెను ఎవరైనా అడిగి ఉంటే కదా, జవాబు సిద్ధంగా ఉండటానికి! కొంగుతో కళ్లు తుడుచుకుని మెల్లగా అంది.

“మనోళ్లు ఎవ్వరు లేని ఊరికి...”

వీరేందర్ ఊరూరూ తలుచుకున్నాడు. ఎక్కడ చూసినా ఎవరో ఒకరు! చివరికి, “రామప్ప గుడి కాడ మనోళ్లెవ్వరు లేరు” అన్నాడు. తర్వాత అక్కకు ఫోన్ చేశాడు. “అక్కా... ఈ మాటు మీ ఇంటికి వస్తలేం. కోపమేం లేదు... జయమ్మను ఇన్నేండ్ల సంది నేనేడికి తోల్కపోలేదక్కా!” అటునుంచి ఫోన్ టక్కున పెట్టేసింది ఆవిడ. అక్క మాటకు ఎన్నడూ ఎదురు చెప్పని మనిషి... ముఖం చిన్నబుచ్చుకుని కూర్చున్నాడు. జయమ్మకు జాలేసింది. ‘పోనీలే, రెండు రోజులే కదా, పోదాం’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“జయమ్మా...” బాలనర్సమ్మ పిలిచింది. “ఇప్పుడు రామప్పకు పొయ్యే కారుల నాకు గూడ ఇంత జాగ ఉంటదా?”

అత్త మోకాళ్లు, మాత్రలు, వేడినీళ్లు... అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి జయమ్మకు. అది చూసి ముసలామె తొందరగా అంది.

“గుళ్లు సూడనీకె కాదే... వండినోళ్లు ఎవ్వలో ఎరుకలేని అన్నం, ఒక్కపూట తినాలనుంది.”

 జయమ్మ నడిచి వెళ్లి, కోడలిగా ఎన్నడూ కూర్చోని ఆ మంచం మీద, అత్త పక్కన కూర్చుంది.