మాబున్ని బ్లాగు ఇల్లు మారిన దినం

ప్రొద్దుటూరులో ఆ ఆదివారం పొద్దున మాబున్ని ఉగ్గాని కోసం బొరుగులు తడిపి పిండుతోంది. తాలింపు వాసన ముందు గది దాకా వచ్చింది. అక్కడ చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న ఆయేషా ఒళ్లు విరుచుకుని కేకేసింది.

“అమ్మా, అయిపాయ! నీ బ్లాగు కొత్తింట్లోకి చేరింది. ఇంక మూసేస్తామని ఎవురూ అనల్యారు. ఇది మన సొంతం.”

మాబున్ని బ్లాగు మొదలుపెట్టి పదకొండేళ్లు దాటింది. పరుపులు కుట్టే మౌలాలి కూతురు ఆమె. జమ్మలమడుగులో పదో తరగతి దాకా చదివింది. భర్త సిరాజుద్దీన్ కువైట్‌లో డ్రైవరుగా ఉన్న రోజుల్లో, అతను చదువుకుంటాడని ఇంటి ముచ్చట్లు ఫోనులో టైపు చేయడం మొదలుపెట్టింది. పోనుపోను ఊరూ పేరూ తెలియనివాళ్లు కూడా ఇష్టంగా చదివారు. ఇప్పుడు ఆ ఉచిత సైటు నెలాఖరుకు మూతపడుతోందని కబురు రావడంతో, కంప్యూటరు పని తెలిసిన ఆయేషా ఒక సర్వరు అద్దెకు తీసుకుని, వారం పాటు కూర్చుని టపాలన్నీ తరలించింది.

సిరాజుద్దీన్ తిరిగొచ్చి ఎనిమిది నెలలైంది. ఇంట్లో కొట్లాటలు లేవు. అలాగని ముచ్చట్లూ లేవు. “కూర చాలునా?” “మాత్ర ఏసుకుంటివా?” అంతే. పదహారేళ్లు దూరంగా ఉన్న మనుషులు కదా, అలవాటు కావాలి అనుకునేది ఆయేషా. కానీ రోజులు గడిచేకొద్దీ ఆమెకు వాళ్లిద్దరూ ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మర్యాదస్తుల్లా కనిపించసాగారు.

చాప మీద పక్కనే కూర్చున్న సిరాజుద్దీన్ కళ్లద్దాలు పెట్టుకుని తన ఫోనులో కొత్త బ్లాగు తెరిచాడు. ఒక టపా చివరిదాకా వెళ్లాడు. ఇంకొకటి తెరిచాడు. దాని చివరిదాకా కూడా వెళ్లాడు.

“పాపా, ఈటి కింద రాసిండేవి యాడ?”

“కామెంట్లా నాయనా? అవి తేల్యా. శానా వరకు చెత్త ప్రకటనలే. అన్నీ మోసుకొచ్చేదెందుకని వదిలేస్తి.”

సిరాజుద్దీన్ ఫోను చాప మీద బోర్లించాడు. “పోనీలే. జవాబు రాని మాటలు ఉంటే ఏంది, పోతే ఏంది.”

పళ్లేలతో వస్తున్న మాబున్ని గడప దగ్గరే నిలబడిపోయింది.

“ఎవురు జవాబు ఇయ్యనిది?” అంది.

“ఏందో లే. తిందాం రా.”

“ఏందో లే అనొద్దు. ఎనిమిది నెల్ల నుంచీ అదే మాట. చెప్పు, ఎవురు? మా నాయన పోయినప్పుడు ఏడ్చుకుంటా టపా రాస్తి. మొగం తెలియనోళ్లు ముప్పై మంది ఓదారుస్తా రాసిరి. నువ్వు ఒక్క మాట రాయల్యా. ఫోనులో అడుగుదామంటే, చుట్టూ మీ అన్న ఇంటిల్లిపాదీ. నీ మాట కోసం దినామూ చూస్తి. తొమ్మిదేండ్లయింది, అది ఇంగా నా కడుపులోనే ఉండాది.”

సిరాజుద్దీన్ ఆమె వైపు తెల్లబోయి చూశాడు.

“నేను రాయల్యానా? దినామూ రాస్తి కదా! ఎనిమిది నెలలు రాస్తి. నువ్వే ఒక్కదానికీ పలకల్యా. మామను మట్టిలో పెట్టేటప్పుడు రాల్యాకపోతినని కోపం పెట్టుకుంటివి అనుకుంటి. ఆఖరికి నేనే మానుకుంటి.”

“అబద్ధం!”

భర్తను ఆ మాట అనడం ఆమెకు అదే మొదలు. అతను గోడకు చేయి ఆనించి లేవబోయాడు.

“నాయనా, ఉండు!” అంది ఆయేషా. “పాతది ఇంగా తీసేయల్యా. చూస్తా.”

గబగబా పాత సైటు తెరిచింది. మాబున్ని టపాల కింద అతని వ్యాఖ్యలు మొదటి రెండేళ్లవే ఉన్నాయి. మౌలాలి తాత చనిపోయిన టపా కింద అతని పేరే లేదు. ఆయేషా పేజీ అంతా మళ్లీ వెతికింది. అప్పుడు పక్కన స్పామ్ అన్న అర కనిపించింది. ప్రకటనలనీ మోసాలనీ అనుమానం వచ్చినవాటిని యంత్రమే పక్కన పడేసే చోటు అది. వారం రోజుల్లో ఒక్కసారి కూడా ఆమె దాన్ని తెరవలేదు.

తెరిచింది. పైనుంచి కిందిదాకా ఒకటే పేరు. సిరాజ్. సిరాజ్. సిరాజ్. మొత్తం రెండు వందల నలభై ఒకటి.

ప్రతి వ్యాఖ్యా ఒకే మాటతో మొదలైంది. రోజూ అదే మాట వస్తుంటే, ఇది మనిషి రాసేది కాదనుకుంది యంత్రం.

“అమ్మా, నాయన రాసినాడు. నీ దాకా రాల్యా, అంతే.” ఆయేషా మెల్లగా చదివింది.

“తింటివా? సేటు సెలవు ఇయ్యల్యా. కాళ్లు పట్టుకుంటి.”

“తింటివా? ఈ పొద్దు బండి పక్కన ఆపి మామ కోసం దువా చేస్తి. నీ పక్కన లేనని ఏడిస్తి.”

“తింటివా? కోపముంటే తిట్టు. ఏదో ఒకటి రాయి.”

చివరిది చదవలేక ల్యాప్‌టాప్ తల్లి వైపు తిప్పింది. “తింటివా? ఇంక అడగను. నువ్వు బాగుండు.”

ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే ఆ సైటుతో పాటు ఇవీ మాయమయ్యేవి. చెత్త అని తాను వదిలేసింది దేన్నో అర్థమయ్యేసరికి ఆయేషా కళ్లు నిండాయి. “తప్పాయ నాయనా,” అంది. అతను ఆమె తల మీద చెయ్యి వేశాడు గానీ, చూపు మాత్రం భార్య మీదే ఉంది.

మాబున్ని పళ్లేలు కింద పెట్టింది. వచ్చి అతని పక్కన, మోకాలుకు మోకాలు ఆనేంత దగ్గరగా కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుంది.

“తినల్యా,” అంది.

“ఏంది?”

“నువ్వు అడిగినావు కదా. తినల్యా. మూడు దినాలు తినల్యా. నాలుగో దినం మీ అక్క జమ్మలమడుగు నుంచి వచ్చి అన్నం కలిపి నోట్లో పెట్టె. అప్పుడు తింటి.”

సిరాజుద్దీన్ అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ల్యాప్‌టాప్ తన వైపు లాక్కున్నాడు. తన మాటలు తానే, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, పైకి చదవసాగాడు. ప్రతిదానికీ మాబున్ని ఆ రోజు ఏం జరిగిందో చెప్పింది. ఒక దగ్గర నవ్వింది. ఒక దగ్గర అతని భుజానికి తల ఆనించింది.

ఆయేషా వాళ్ల మధ్యకు చెయ్యి చాచి, కొత్తింటికి తీసుకెళ్లేందుకు, చదివిన ప్రతి వ్యాఖ్య పక్కనా ‘ఇది స్పామ్ కాదు’ అన్నదాన్ని నొక్కుతూ పోయింది.